పిండి మంచు తిరునాళ్ళు

మంచు అంటే మన గోదావరి జిల్లాలవాళ్ళకు తెలిసినది ధనుర్మాసపు మంచే. తెల్లవారుజామున వాకిట్లో ముగ్గు వేస్తూంటే ఎదురింటి అరుగు కనుపించదు. ఎండెక్కేసరికి అదే విడిపోతుంది. దానికోసం ఎవరూ టిక్కెట్టు కొనరు, వరస కట్టరు. కాని రాత్రి మంచు పడిందన్న కబురు వింటే చాలు, వేలకొద్దీ జనం చీకటితో లేచి, కార్లు బారులు తీర్చి, కొండ కింద పడిగాపులు కాచే చోటొకటి ఉన్నది. అమెరికాలో యూటా రాష్ట్రం, సాల్ట్ లేక్ సిటీ పక్కన, ఆల్టా అనే కొండ ఊరు. రాజమండ్రిలో ముప్ఫై యేళ్ళు లెక్కల మేష్టరుగా పనిచేసి రిటైరైన నేను, అక్కడ ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి పుణ్యమా అని, ఒక ఫిబ్రవరి శనివారం ఆ తిరునాళ్ళు కళ్ళారా చూచాను.

ఆ నగరానికి దక్షిణంగా లీహై అనే ఊరి చుట్టుపట్ల సాఫ్ట్‌వేరు కంపెనీలు చాలా వెలిశాయి. వాటితోబాటే మనవాళ్ళూ వెళ్ళారు. శనివారం పూట కొన్ని వీధుల్లో నడుస్తూంటే ఇంగువ తాలింపు వాసన తగులుతుంది. మావాడు అక్కడకు వెళ్ళి పదేళ్ళయినా స్కీ జోలికి పోలేదు. ఆ పిచ్చి అంటుకున్నది మా కోడలికి! ఆమెది నిజామాబాదు. పెళ్ళయ్యేదాకా ఫ్రిజ్జులో తప్ప మంచు చూచి ఎరగదు. ముప్ఫయ్యో యేట నేర్చుకోవడం మొదలుపెట్టి, మొదటి సంవత్సరమంతా పడుతూ లేస్తూ, ఇప్పుడు కొండకొమ్ము మీది నుంచి దిగే స్థితికి వచ్చింది. మా మనవడికి ఎనిమిదేళ్ళు. వాడు నడవడం నేర్చిన రెండేళ్ళకే కాళ్ళకు బద్దలు కట్టించుకున్నాడట.

స్కీ అంటే మరేమీ కాదు. మనిషి పొడుగున్న రెండు పలుచని బద్దలు. వాటి మీద గట్టి బూట్లు బిగించుకుని, చేత రెండు కర్రలు పట్టుకుని, వాలున జారడమే. ఎక్కడానికి మాత్రం కష్టపడనక్కరలేదు. ఉక్కుతాడుకు వేలాడే కుర్చీలుంటాయి. కూర్చుంటే పైకి మోసుకుపోయి దింపుతాయి.

అయితే మంచుల్లో తేడా ఉన్నది. నీరు నిండిన బరువు మంచులో బద్దలు దిగబడతాయి. గట్టిపడిన మంచు మీద కరకరలాడుతూ జారిపోతాయి. ఆల్టాలో పడే మంచు ఈ రెండూ కాదు. జల్లెడ పట్టిన బియ్యప్పిండి! గుప్పిట పట్టి ఊదితే పొగలా లేచిపోయింది. ముద్ద చేద్దామంటే ముద్ద కట్టదు. దాని పరిమాణంలో సగటున నూటికి 8 పాళ్ళే నీరట, మిగతాది గాలి. ఆ ముందు రాత్రి పడినది 22 అంగుళాలు. నాలోని లెక్కల మేష్టరు ఊరుకోడు కదా — కరిగిస్తే రెండంగుళాల నీరు కూడా రాదు. అటువంటి మంచు మీద దిగేవాళ్ళకు కాళ్ళ కింద నేల ఉన్నట్టే తోచదట. మోకాళ్ళు దాటి, ఒక్కొక్కప్పుడు ఛాతీదాకా లేచే తెల్లని ధూళిలో తేలిపోవడమేనట.

పసిఫిక్ సముద్రం మీది నుంచి వచ్చే మేఘాలు దారిలో ఎడారులు దాటి, తడి చాలావరకు పోగొట్టుకుని, ఇక్కడి వాసాచ్ కొండలకు కొట్టుకుని పైకి లేస్తాయి. ఆ చలిలో మిగిలిన తడి విడిపొడిగా రాలుతుంది. పక్కనే మహా లవణ సరోవరమున్నది. ఉప్పు మూలంగా అది గడ్డకట్టదు గనుక, చలిగాలి దాని మీదుగా వీచినప్పుడు కొంత తడిని అదీ అందిస్తుంది. ఆల్టాలో యేటా సగటున 500 అంగుళాలకు తక్కువ కాకుండా మంచు పడుతుందని లెక్క. అంటే నలభై అడుగుల పైమాట! 2022–23 శీతకాలంలో 903 అంగుళాలు పడి పాత రికార్డులన్నీ కొట్టుకుపోయాయి. 'గ్రేటెస్ట్ స్నో ఆన్ ఎర్త్' అని ఈ రాష్ట్రంవాళ్ళు కారు నంబరు పలకల మీద కూడా వేసుకున్నారు. 'గ్రేటెస్ట్ షో ఆన్ ఎర్త్' అనేది మా మాట సుమా అని ఒక పేరుమోసిన సర్కసు కంపెనీ దావా వేసింది. 1999లో అప్పీలు కోర్టులో కూడా మంచే గెలిచింది.

శుక్రవారం రాత్రి పదకొండుకు కూడా మా కోడలు కిటికీ దగ్గరే నుంచుంది. తెల్లవారు నాలుగున్నరకల్లా ఇల్లంతా దీపాలు. ఒక డబ్బాలో పులిహోర, మరొక డబ్బాలో ఇడ్లీలు, పెద్ద ఫ్లాస్కు నిండా కాఫీ. అమ్మవారి మొక్కు తీర్చడానికి బయలుదేరినంత హడావిడి!

"ఇంత చీకట్లో ఎందుకమ్మా? కొండ ఎక్కడికి పోతుంది?" అన్నాను.

"కొండ పోదు మామయ్యగారూ, మంచు పోతుంది. తొమ్మిదింబావుకు లిఫ్టు తెరుస్తారు. పదకొండయ్యేసరికి కొండంతా దున్నిన చేనే!" అన్నది.

పిండి మంచు పడిన రోజున స్నేహితులుండరని అక్కడివాళ్ళకొక సామెత ఉన్నదట. ఎవరికోసం ఎవరూ ఆగరన్నమాట. ఎవరూ తొక్కని తెల్లని వాలు మీద మొదటి గీత తనదే కావాలని ప్రతివాడికీ ఆశ. ఆ గీత ఒక్కసారే పడుతుంది మరి.

లిటిల్ కాటన్‌వుడ్ లోయ ముఖద్వారం చేరేసరికి అయిదున్నర. అప్పటికే మా ముందు ఎన్ని వందల కార్లున్నాయో! కొండ మలుపుదాకా వెనుక దీపాలు ఎర్రగా, బారుగా. అక్కడివాళ్ళు దాన్ని ఎర్ర పాము అంటారట. ఆల్టాకు పోయేది ఈ ఒక్కటే దారి, ఎనిమిది మైళ్ళు. ఆ ఎనిమిది మైళ్ళలో దారి మూడువేల అడుగులకు పైగా ఎక్కుతుంది. మంచు టైర్లు లేని బండిని పైకి పోనివ్వరు. ఆ వేళ ఏ బండినీ పోనివ్వడం లేదు. పోలీసు కారొకటి అడ్డంగా నిలబడి ఉన్నది.

"దారి బాగుచేస్తున్నారా?" అని అడిగాను.

"మంచు చరియలు దింపుతున్నారు నాన్నా," అన్నాడు మావాడు.

అంతలో లోయ లోపలెక్కడో ధడేల్మని ఒక చప్పుడు. కాసేపటికి మరొకటి. కారు అద్దాలు సన్నగా అదిరాయి. మనవడు నా ఒళ్ళో నిద్రలోనే కదిలి మళ్ళీ పడుకున్నాడు. వాడికి ఆ చప్పుడు అలవాటే!

ఇక్కడ కొంచెం పాత కథ చెప్పాలి. ఈ లోయ మొగదలలోనే సాల్ట్ లేక్ సిటీలోని పెద్ద మార్మన్ దేవాలయానికి రాయి తీశారు. 1853 నుంచి 1893 దాకా నలభై యేళ్ళు కట్టారు దాన్ని. 1870 ప్రాంతాల లోయ పైభాగాన వెండి దొరికింది. జనం తండోపతండాలుగా ఎక్కి వచ్చారు. గనుల్లో దూలాలకూ పొయ్యిల్లోకీ కొండమీది చెట్లన్నీ కొట్టేశారు. మంచును పట్టి నిలిపే చెట్లు లేని వాలు మీద నుంచి చరియలు నిరాటంకంగా దిగి, ఇళ్ళనూ మనుషులనూ కప్పేశాయి. ఆ ఇరవై యేళ్ళలో అక్కడ చాలామంది మంచు కిందనే పోయారు. తరువాత వెండి ధర పడిపోయింది, ఊరు పాడుపడింది.

1930 తరువాత నార్వే నుంచి వచ్చిన ఆల్ఫ్ ఎంగెన్ అనే మహా స్కీ వీరుడు ఈ చోటు చూచి, స్కీకి దివ్యంగా ఉంటుందన్నాడు. బోడి వాలుల మీద మళ్ళీ మొక్కలు నాటించడంలో కూడా అతని చేయి ఉన్నది. 1939 జనవరిలో కాలిన్స్ అనే కుర్చీ లిఫ్టు మొదలయింది. రోజంతా ఎక్కడానికి డాలరున్నర! ఇప్పుడు దానికి నూరు రెట్ల పైమాటే. రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక, పర్వత సైనికదళంలో పనిచేసి వచ్చిన మాంటీ ఆట్వాటర్ అటవీశాఖ తరఫున ఇక్కడ మంచు కాపలాకు కుదిరాడు. చరియ తనంతట తాను ఎప్పుడు పడుతుందా అని భయపడే బదులు, మనుషులు లేని సమయం చూచి మనమే పడగొడితే పోలేదా అని, మందుగుండుతోను, సైన్యపు ఫిరంగులతోను ఆ విద్యను సాగించాడు. అమెరికాలో ఈ విద్యకు పుట్టినిల్లు ఆల్టాయే. ఈ ఎనిమిది మైళ్ళ దారికి పైన చరియలు దిగే జాడలు 64 ఉన్నాయట. మేము విన్న చప్పుళ్ళు ఆ జాడల్లోవే.

ఏడున్నరకు దారి వదిలారు. ఎనిమిదిన్నర దాటాక పైకి చేరాము. కోడలు ముందుగానే డబ్బు కట్టి కారుకు చోటు తీసి ఉంచింది గనుక బతికాము. లేనివాళ్ళు వచ్చినదారినే వెనక్కి పోవలసిందే.

అక్కడి జనాన్ని ఏమని చెప్పను! రంగురంగుల కోట్లు, తలలకు చిప్పల్లాంటి టోపీలు, కళ్ళకు గుర్రపు గంతల్లాంటి అద్దాలు. తాళ్ళు కట్టి మెలికలు తిప్పిన వరసల్లో భుజాలు ఒరుసుకుంటూ నుంచున్నారు. తిరుపతి కొండమీది క్యూలో నుంచున్నవాడికి ఇదేమీ కొత్త కాదు. తేడా అల్లా, ఎవరి కాళ్ళకు వాళ్ళవి ఆరడుగుల బద్దలు! ముందువాడి బద్ద మీద వెనుకవాడు తొక్కుతున్నాడు, "క్షమించాలి" అంటున్నాడు, మళ్ళీ తొక్కుతున్నాడు. డెబ్భై యేళ్ళ ముసలివాళ్ళున్నారు, బొడ్డూడని పిల్లలున్నారు. ఒకే వెడల్పు పలక మీద రెండు కాళ్ళూ పెట్టి జారే స్నోబోర్డువాళ్ళు మాత్రం లేరు. వాళ్ళకు ఆల్టాలో ప్రవేశం లేదు. అమెరికాలో ఇటువంటి ఆచారం పాటించే కొండలు మూడే మిగిలాయట.

మనవణ్ణి పిల్లల బడిలో దింపి, నేనూ మావాడూ కొండకెదురుగా ఒక వసారాలో బెంచీ మీద కూర్చున్నాము. కోడలు వరసలో ముందుభాగానే ఉన్నది. మా కళ్ళకెదురుగా హై రస్ట్లర్ అనే నిట్రమైన వాలు. ఎంగెన్ పేరు కూడా దానికి చేర్చారు. ఒక్క గీత లేదు దాని మీద. ఉతికి ఆరవేసిన దుప్పటిలా ఉన్నది.

తొమ్మిదింబావు అయింది. లిఫ్టు కదలలేదు. తొమ్మిదిన్నర. పదయింది. మబ్బు విడి సూర్యుడొచ్చాడు; మంచు కళ్ళు చెదిరేట్టు మెరిసింది. వరసలో గొణుగుడు మొదలయింది. నా పక్కన నుంచున్న ఒక కుర్రవాడు మూడుగంటలకు లేచి వచ్చాడట. "ఇంత మంచి ఎండ! ఇంకా దేనికి ఆపుతున్నారు?" అని చేతికర్రతో మంచును పొడుస్తున్నాడు. తాడు దగ్గర వీపు మీద శిలువ గుర్తున్న కోటు తొడుక్కున్న ఒక అమ్మాయి నుంచున్నది. ఆమె కొండ కాపలాదళంలోని మనిషి. వయస్సు పాతికకు మించదు. అడిగినవాళ్ళందరికీ ఒకటే జవాబు: "పైన మావాళ్ళు ఇంకా పని చేస్తున్నారు."

ఆ తాడు చూస్తూంటే నాకు మా ఊరు జ్ఞాపకం వచ్చింది. 2015 జూలై 14, గోదావరి పుష్కరాల మొదటి రోజు. రాజమండ్రి పుష్కర ఘాట్‌లో జరిగిన తొక్కిసలాటలో పాతికమందికి పైగా ప్రాణాలు పోయాయి. మా వీధిలోనుంచి తెల్లవారకముందే స్నానానికి వెళ్ళిన ఒక పెద్దావిడ సాయంత్రానికి గాని ఇల్లు చేరలేదు. చెప్పులు లేవు, సంచీ లేదు, రెండు రోజులు మాట లేదు. పుష్కరాలు పన్నెండు రోజులు. గోదావరి పన్నెండు రోజులూ పారుతుంది. పుణ్యం పన్నెండు రోజులూ పుణ్యమే. అయినా తొలి ముహూర్తపు మునకే కావాలని అందరికీ. తప్పు ఎవరిదని తేల్చడానికి నేనెవణ్ణి? కాని ఆనాటి నుంచీ ఎక్కడ జనం తాడుకు ఒరిగి నుంచున్నా నా గుండె పట్టుకుంటుంది.

ఇక్కడ ఆశకు మరింత బలమున్నది. గోదావరిలో వెయ్యోవాడు మునిగినా నీళ్ళు నీళ్ళే. ఈ మంచు మొదటివాడికే దక్కుతుంది; వందోవాడికి మిగిలేది గతుకులు. మరి ఈ వేలమంది ఆ ఒక్క పలుచని తాడును ఎందుకు లాగివేయలేదు?

జవాబు కొండే చెప్పింది. పదింబావు ప్రాంతాన వాలు పైన అంచు మీద రెండు చీమలవంటి మనుషులు కనుపించారు. కాపలాదళంవాళ్ళే. జంటలు జంటలుగా తిరుగుతారు. ఒకరు మంచులోకి అడుగు వేస్తే రెండవవారు చూస్తూ ఉండాలి. వాళ్ళు ఏదో కిందికి విసిరి వెనక్కి తగ్గారు. నల్లని పొగ లేచింది. ఆ తరువాత చప్పుడు వచ్చింది. ఒక క్షణం ఏమీ లేదు. అప్పుడు ఆ దుప్పటి మీద అడ్డంగా సన్నని గీత ఒకటి చిరుగులా పాకింది. గీతకు కిందిభాగమంతా ఒక్కసారి కదిలింది. పలకలు పలకలుగా విరిగి, ఒకదాని మీదొకటి ఎక్కి, తెల్లని ధూళి మేఘంలా లేచి, చప్పుడు లేకుండా — అవును, మా దాకా పెద్ద చప్పుడే రాలేదు — సగం కొండ దిగి ఆగిపోయింది. మాకు చాలా దూరంలోనే ఆగిందిలెండి. అయినా వసారాలో కాఫీ కప్పులు ఎత్తినవాళ్ళు ఎత్తినట్టే ఉండిపోయారు.

పైన అంత మెత్తని మంచుకు ఇంత బలం ఎక్కడిదని మావాణ్ణి అడిగాను. వాడు స్కీ చేయడు గాని పుస్తకాలు చదువుతాడు. పాత మంచు చలికి పంచదార పలుకుల్లా విడివిడిగా అవుతుందట. దాని మీద కొత్త మంచును గాలి తోసి పలకలా అతుకుతుంది. బొంబాయి రవ్వ పోసి దాని మీద పలక పెట్టి కాస్త వాల్చండి, ఎంతసేపు నిలుస్తుంది? ముప్ఫై నుంచి నలభయ్యయిదు డిగ్రీల వాలులోనే ఎక్కువ చరియలు విరుగుతాయి. ఏ వాలు మీద జారడం మహా సరదాయో ఆ వాలే అది! జారేటప్పుడు పొగలా ఉన్న మంచు, ఆగగానే సిమెంటులా బిగుస్తుంది. లోపల చిక్కినవాడు వేలు కూడా కదపలేడు. పది నిమిషాల్లో తవ్వి తీయగలిగితే చాలావరకు బతుకుతాడు. ఆ తరువాత ఆశ త్వరత్వరగా సన్నగిల్లుతుంది. అందుకనే ఆల్టాలో మంచు మరీ ప్రమాదంగా ఉన్నప్పుడు ఊరందరూ ఇళ్ళలోనే ఉండాలి, గుమ్మం దాటరాదు. అది చట్టం. 2021 ఫిబ్రవరిలో దాదాపు 60 గంటలు అలా తలుపులు వేసుకుని కూర్చున్నారట.

నా పక్కనున్న కుర్రవాడు కర్రతో పొడవడం ఎప్పుడు మానాడో నేను గమనించలేదు. ఎవరూ గొణగడం లేదు. కాదు అన్నది కింద తాడు దగ్గరి అమ్మాయి. కాని ఆ మాట నిజమో కాదో చూడడానికి ఆమె తోటివాళ్ళు ముందుగా తమ కాళ్ళనే ఆ మంచులో పెట్టారు. ఆ సంగతి ఈ జనానికి తెలుసు. అందుకే ఆ పలుచని తాడుకు అంత గౌరవం.

పదీ నలభైకి తాడు తీశారు. ఒక్క కేక లేచింది చూడండి! అయినా వరస చెదరలేదు. కుర్చీలు కదిలాయి. మరొక అరగంటకు మావాడు చేయి చాపి, "అదుగో నాన్నా, నీలం కోటు!" అన్నాడు. ఎడమవైపు, చరియ దిగని భాగాన, తెల్లని వాలు మీద ఒక నీలి చుక్క. వెనుక ధూళి తోక. మెలికలు మెలికలుగా, తీరిగ్గా, ముగ్గుకర్ర లాగినట్టు గీత దిగుతూ వచ్చింది. నా చేతులు బెంచీని గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

ఆమె వచ్చి మా ముందు ఆగేసరికి కనుబొమలదాకా మంచే. నవ్వుతున్నదో ఏడుస్తున్నదో తెలియలేదు.

"ఎలా ఉన్నదమ్మా?" అన్నాను.

కాసేపు మాటరాలేదు. "చిన్నప్పుడు మా ఊళ్ళో కొత్త దూదిబస్తాల మీదికి దూకేవాళ్ళం మామయ్యగారూ. అదే — కాని అయిపోదు," అన్నది. ఒక ఇడ్లీ నోట్లో వేసుకుని మళ్ళీ వరసలోకి పోయింది.

ఆమె చెప్పినట్టే అయింది. పన్నెండుకల్లా హై రస్ట్లర్ మీద గీతల మీద గీతలు. రెండుగంటలకు అక్కడ ఎప్పుడైనా నున్నని మంచు ఉండేదంటే నమ్మలేనట్టు ఉన్నది. జనం మాత్రం తగ్గలేదు. కొత్త మంచు పడిన రోజున లోయ మోయగలిగినదానికంటె ఎక్కువమంది వస్తున్నారు. కార్ల బారు తగ్గించడానికి ఎనిమిది మైళ్ళ తీగమార్గం వేయాలని రాష్ట్ర రవాణాశాఖ 2023లో తేల్చింది. లోయ అందం చెడుతుందనీ, ఖర్చు జనం మీద పడుతుందనీ చాలామంది కోర్టుకెక్కారు. అటు లవణ సరోవరం 2022లో మునుపెన్నడూ లేనంతగా ఎండిపోయి కనుపించింది. సరోవరం ఇంకుతూ జనం పెరుగుతూ ఉంటే ఈ పిండి మంచు మునిమనవల నాటికి ఎంత మిగులుతుందో అని అక్కడివాళ్ళకు దిగులుగానే ఉన్నది.

నాలుగున్నరకు లిఫ్టులు ఆగాయి. జనం ఒక్కుమ్మడిగా కార్లకేసి నడిచారు. ఎనిమిది మైళ్ళు దిగడానికి మాకు రెండున్నర గంటలు పట్టింది లెండి. పులిహోర డబ్బా ఖాళీ చేసింది అప్పుడే. కాని మేము కారెక్కేముందు మనవడు నా చేయి లాగి, "తాతయ్యా, పైకి చూడు," అన్నాడు.

నీడ పడిన కొండమీద కాపలాదళంవాళ్ళు అడ్డంగా వరస తీరి నెమ్మదిగా దిగుతున్నారు. ఏ చెట్టు కిందనైనా ఎవరైనా పడి ఉన్నారేమోనని ఆగి చూస్తున్నారు. కేకవేసి, జవాబు లేదని తేల్చుకుని కదులుతున్నారు. పొద్దున అందరికంటె ముందు కొండ ఎక్కినది వాళ్ళే. తాడు దగ్గర నుంచున్న అమ్మాయి కూడా వాళ్ళలో ఉన్నది. ఆమె కిందికి వచ్చి, తాడు చుట్ట చుట్టి భుజాన వేసుకుని, బద్దలు విప్పుకుని, మాకు ముందుగానే కొట్టుగదిలోకి వెళ్ళిపోయింది.